మూడో ముడి తర్వాత 19 సెకన్లు

(ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవం నాడు కర్నూలులో యువ ఫొటోగ్రాఫర్ల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పొద్దున మనమంతా కలిసి డాగురే పటానికి దండ వేశాం. 1839లో ఇదే ఆగస్టు 19న ఫ్రాన్సులో ఆయన ఫొటో తీసే పద్ధతిని అందరికీ వెల్లడి చేశారు కాబట్టి ఈ రోజున మనం పండగ చేసుకుంటున్నాం. ఆ పద్ధతిలో వెండి పూత పూసిన రాగి రేకు మీద బొమ్మ పడేది. పడినప్పుడు మాత్రం కంటికి ఏమీ కనిపించేది కాదు. పాదరసం ఆవిరి తగిలిన తర్వాతే బొమ్మ పైకి తేలేది. అంతవరకూ ఆ మనిషి ఎట్లా ఓపిక పట్టాడో అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంటుంది.

దండ వేస్తున్నప్పుడు నేను వెనక నిలబడి మిమ్మల్నే చూస్తున్నాను. పెద్దాయన దండ వేశారు. ముప్పై కెమెరాలు ఒక్కసారిగా క్లిక్‌మన్నాయి. ఆ వెంటనే ముప్పై తలలూ కిందికి వంగాయి. అందరూ స్క్రీన్ చూసుకుంటున్నారు. సరిగ్గా అప్పుడే దండ ఒక పక్కకు జారి డాగురే ముఖానికి అడ్డం పడింది. టీ ఇవ్వడానికి వచ్చిన అబ్బాయి ట్రే కింద పెట్టి, మునికాళ్ళ మీద లేచి, రెండు వేళ్ళతో దండను పైకి జరిపాడు. జరిపి, అది సరిగ్గా ఉందా అని తల పక్కకు వంచి చూశాడు. ఈ రోజు పొద్దున ఈ హాల్లో తీయదగిన ఫొటో అదే. నాకు తెలిసి అది ఎవరి కెమెరాలోనూ లేదు.

మిమ్మల్ని తప్పు పట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. నేను కూడా ఏళ్ళ తరబడి అట్లే తల వంచిన మనిషిని. ఎందుకు మానుకున్నానో చెప్తాను.

పన్నెండేళ్ళ కింద ఎమ్మిగనూరు దగ్గర ఒక పల్లెలో పెళ్ళి. తెల్లవారుజాము ముహూర్తం. ఇంటి ముందు షామియానా, చిన్న స్టేజీ. గట్టిమేళం మొదలైంది. పెళ్ళికొడుకు ఒక ముడి వేశాడు, రెండో ముడి వేశాడు, మూడోది వేశాడు. మూడూ తీశాను. పక్క నుంచి వీడియో లైటు గట్టిగా కొడుతోంది, దానికి తోడు నా ఫ్లాష్. చీర జరీ తెల్లగా మాడిపోయిందేమోనని నాకు టెన్షన్. తల వంచాను. ప్లే నొక్కాను. జూమ్ చేసి తాళి దగ్గర ఫోకస్ చూశాను. వెనకటి ఫొటోకి పోయాను, మళ్ళీ ముందుకు వచ్చాను. బాగుంది అనుకుని తల ఎత్తేసరికి అక్షింతలు వేయడం అయిపోయింది, జనం పక్కకు జరుగుతున్నారు.

ఆల్బమ్ ఇచ్చిన వారానికి ఆ అమ్మాయి ఫోన్ చేసింది. "అన్నా, తాళి కట్టినాక మా నాయన కండువా నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చినాడంట. అమ్మ చెప్పింది, మా మేనత్త కూడా చెప్పింది. నేను తల వంచుకుని ఉంటిని కదా, చూడలేదు. ఆ ఫొటో ఉండాదా అన్నా?"

వాళ్ళ నాయనను నేను చూశాను. మాట తక్కువ మనిషి. పెళ్ళిలో కూడా భోజనాల దగ్గర, గ్యాస్ బండల దగ్గర తిరుగుతూ ఉన్నాడే గానీ ఒక్క ఫొటోకీ కుదురుగా నిలబడలేదు. కంప్యూటర్ తెరిచి వెతికాను. మీకు తెలుసు, ప్రతి ఫైల్లోనూ సెకన్లతో సహా టైము ఉంటుంది. మూడో ముడి ఫొటో 4 గంటల 41 నిమిషాల 7 సెకన్లకు తీసింది. దాని తర్వాతి ఫొటో 4 గంటల 41 నిమిషాల 26 సెకన్లకు. మధ్యలో 19 సెకన్లు. ఆ తండ్రి ఏడ్చింది ఆ 19 సెకన్లలోనే. అప్పుడు నేను ఆయనకు ఆరడుగుల దూరంలో ఉన్నాను.

నేను తల వంచి చూసుకున్న ఆ ఫొటో బాగానే వచ్చింది. చూడకపోయినా బాగానే వచ్చి ఉండేది. నా చూపు దానికి ఏమీ కలపలేదు.

"లేదమ్మా" అని చెప్పాను. "సరేలే అన్నా" అని పెట్టేసింది. తిట్టి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

తీసిన వెంటనే చూసుకోవాలన్న ఆశ మనకు కొత్తగా వచ్చింది కాదు. 1943లో అమెరికాలో ఎడ్విన్ ల్యాండ్ అనే ఆయన మూడేళ్ళ కూతురికి ఫొటో తీస్తే, ఆ పాప ఇప్పుడే ఎందుకు చూడకూడదు అని అడిగింది. ఆ ప్రశ్న ఆయన్ను నిలవనివ్వలేదు. 1948లో పోలరాయిడ్ కెమెరా అమ్మకానికి వచ్చింది. 1975లో కొడాక్‌లో పనిచేసే స్టీవెన్ సాసన్ మొదటి డిజిటల్ కెమెరా తయారు చేశాడు. అడ్డం వంద, నిలువు వంద, మొత్తం పదివేల చుక్కల బొమ్మ. ఒక్క ఫొటో క్యాసెట్‌లోకి ఎక్కడానికి 23 సెకన్లు పట్టేది, తర్వాత దాన్ని టీవీలో చూసేవాళ్ళు. 1995లో క్యాసియో కంపెనీ క్యూవీ-10 అని వెనక స్క్రీన్ ఉన్న కెమెరాను మామూలు జనానికి అమ్మింది. ఇంకో నాలుగేళ్ళకు అమెరికా ప్రెస్ ఫొటోగ్రాఫర్లు ఈ అలవాటుకు ఒక పేరు పెట్టేశారు, చింపింగ్ అని. స్క్రీన్ చూసుకుంటూ "ఊ, ఊ" అంటుంటే చింపాంజీ గుర్తొచ్చిందట. ఆ పేరు నాకు నచ్చదు. పని మీద భయభక్తులు ఉన్నవాడే సరిచూసుకుంటాడు, వాణ్ని వెక్కిరించకూడదు. ఎప్పుడు చూడాలి, ఏం చూడాలి అన్నది తెలిస్తే చాలు.

అసలు స్క్రీనే లేని రోజుల్లో ఏం జరిగేదో కూడా మీరు వినాలి. 1994లో నా దగ్గర పెంటాక్స్ కె1000 అనే ఫిల్మ్ కెమెరా ఉండేది. దాంట్లో ఫ్లాష్ వాడాలంటే షట్టర్ 60 మీద, అంటే సెకనులో అరవయ్యో వంతు మీద ఉండాలి, అంతకు మించితే ఫ్లాష్ వెలుగు ఫొటో అంతటా పడదు. ఒక రిసెప్షన్‌కు పోయాను. పగలు బయట తీసినప్పుడు 125 మీద పెట్టిన డయల్ అట్లే ఉండిపోయింది. ఫ్లాష్ వెలుగుతోంది, రోలు తిరుగుతోంది, నాకేం తెలుస్తుంది? రెండు రోల్స్, 72 ఫొటోలు. మూడో రోజు ల్యాబ్ నుంచి ప్రింట్లు వచ్చాయి. ప్రతి ఫొటోలో సగం నలుపు. కొన్నింట్లో పెళ్ళికూతురు ఉంది, పక్కన పెళ్ళికొడుకు ఉండాల్సిన చోట చీకటి.

ఆ కవరు పట్టుకుని వాళ్ళింటికి పోయాను. పెద్దాయన ఒక్కొక్క ఫొటో తీసి చూశాడు. మధ్యలో ఆపలేదు, 72 ఫొటోలూ చూశాడు. అడ్వాన్సు తిరిగి ఇస్తే తీసుకోలేదు. "వస్తివి కదా చెప్పడానికి, పో నాయనా" అన్నాడు. ఆ రోజు నా కెమెరాకు వెనక చిన్న స్క్రీన్ ఉండి ఉంటే మొదటి ఫొటోకే తప్పు బయటపడేది. అందుకే స్క్రీన్‌కు టేపు వేసేయమని, అసలు చూడొద్దని చెప్పే గురువుల మాట నేను ఒప్పుకోను. లైకా అనే కెమెరా కంపెనీ వాళ్ళు స్క్రీన్ లేని డిజిటల్ కెమెరాలే తయారు చేశారు, కొన్నవాళ్ళూ ఉన్నారు. సొంత సంతోషానికి తీసుకునేవాళ్ళకు అవి బాగుంటాయి. ఇంకొకరి ఇంటి పెళ్ళి నెత్తిన పెట్టుకున్నవాడికి ఆ స్వేచ్ఛ లేదు.

మన ఇళ్ళలో అన్నం ఉడికిందో లేదో ఎట్లా చూస్తారు? గరిటెతో ఒక మెతుకు తీసి నలిపి చూస్తారు. కుండలో ఉన్న మెతుకులన్నీ నలపరు. మంట మారితేనో, బియ్యం మారితేనో ఇంకోసారి చూస్తారు. స్క్రీన్‌తో మన పని అంతే. వెలుతురు మారిందా, స్థలం మారిందా, లెన్స్ మార్చావా, ఫ్లాష్ పెట్టావా? ఒక ఫొటో తీసి చూడు. పెళ్ళిలో అయితే ముహూర్తానికి పావుగంట ముందే స్టేజీ ఎక్కి, పురోహితుడు సామాన్లు సర్దుకుంటున్నప్పుడు ఆయన్నే ఒక ఫొటో తీసి చూడు. వీడియో అన్న లైటు ఎక్కడ పెడతాడో అడుగు, ఆ లైటు వేయించుకుని ఇంకోటి తీయి. మాన్యువల్‌లో పెట్టి డయల్స్ వదిలేయి. జీలకర్ర-బెల్లం మొదలైనప్పటి నుంచి తలంబ్రాలు అయ్యేవరకూ నీ కన్ను మనుషుల మీద ఉండాలి. ఆ అరగంటలో వెలుతురు మారదు. మారేవి ముఖాలు.

చూసేటప్పుడు ఏం చూడాలన్నది రెండో సంగతి. ఇక్కడ కొంచెం సేపు ఆగుతాను, ఎందుకంటే స్క్రీన్ మనల్ని బాగా మోసం చేస్తుంది.

చాలా కెమెరాల స్క్రీన్ మూడంగుళాలు. 9 లక్షల 21 వేల డాట్స్ అని డబ్బా మీద రాస్తారు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు చుక్కలు కలిస్తే ఒక పిక్సెల్. అంటే ఉన్నది 3 లక్షల 7 వేల పిక్సెళ్ళు. మీ సెన్సర్ 24 మెగాపిక్సెల్ అయితే 2 కోట్ల 40 లక్షలు. దాదాపు 78 పిక్సెళ్ళను ఒక్కటిగా కుదించి మీకు చూపిస్తోంది. అట్లా కుదిస్తే కొంచెం చెదిరిన ఫొటో కూడా కత్తిలా కనిపిస్తుంది. కాబట్టి మొత్తం ఫొటో చూసి "షార్ప్‌గా ఉంది" అనుకోవడానికి లేదు. చూస్తే కంటి దగ్గర వంద శాతం జూమ్ చేసి చూడాలి, లేకపోతే ఫోకస్ గురించి చూడనే వద్దు.

ఇక వెలుగు. మన కర్నూలు ఎండలో మధ్యాహ్నం పన్నెండుకు బయట నిలబడి స్క్రీన్ చూస్తే ఫొటో నల్లగా కనిపిస్తుంది. తక్కువైందనుకుని ఎక్స్‌పోజర్ పెంచుతారు. ఇంటికి వచ్చి చూస్తే పంచెలన్నీ సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటాయి, మడతే కనిపించదు. రాత్రి ఊరేగింపులో దానికి తలకిందులు. చీకట్లో స్క్రీన్ దీపంలా వెలుగుతుంది, ఫొటో బ్రహ్మాండంగా ఉందనిపిస్తుంది, పొద్దున చూస్తే అంతా చీకటి. స్క్రీన్ వెలుగును ఆటోలో ఉంచకండి, మధ్యలో ఒకచోట కట్టేయండి. కంటిని నమ్మకుండా హిస్టోగ్రామ్ చూడండి, అంటే ఫొటోలో చీకటి ఎంత, వెలుగు ఎంత ఉందో చూపించే గ్రాఫ్. అది ఎండకూ చీకటికీ మారదు.

హిస్టోగ్రామ్‌లో కూడా తెల్ల గ్రాఫ్ ఒక్కటే చూసి ఊరుకుంటే మన పెళ్ళిళ్ళకు చాలదు. మన దగ్గర ఎరుపు, పసుపు ఎక్కువ. కుంకుమ, ఎర్ర పట్టుచీర, బంతిపూల పందిరి. వీటిలో ఎరుపు ముందే గ్రాఫ్ కుడి అంచుకు తగిలి కాలిపోతుంది, మొత్తం గ్రాఫ్ మాత్రం నిమ్మళంగా మధ్యలోనే కనిపిస్తుంది. ఇంటికొచ్చాక చూస్తే చీర మీద నేత ఉండదు, ఎర్ర రంగు పోసినట్టు ఉంటుంది. మూడు రంగులూ విడివిడిగా చూపించే హిస్టోగ్రామ్ ఉంటుంది, అది పెట్టుకోండి. ఇంకొకటి, మీరు రా (RAW) ఫైల్లో, అంటే కెమెరా దిద్దని ఫైల్లో తీస్తున్నా ఆ గ్రాఫ్ లెక్కేసేది కెమెరా దిద్ది తయారు చేసిన జేపెగ్ నుంచి. రంగులు దిద్దే పిక్చర్ స్టైల్ వివిడ్‌లో, అంటే ముదురు రంగుల్లో ఉంటే గ్రాఫ్ లేనిపోని భయం పెడుతుంది. న్యూట్రల్‌లో పెడితే నిజానికి దగ్గరగా ఉంటుంది.

ఈ పనంతా ఒక్క ఫొటోతో, రెండు మూడు సెకన్లలో అయిపోవాలి. బాగుందా బాగలేదా, నవ్వు వచ్చిందా రాలేదా అన్నది స్టేజీ మీద తేల్చుకునే విషయం కాదు. వచ్చి ఉంటే వచ్చింది. రాకపోతే ఆ నవ్వును స్క్రీన్ వెనక్కి తేలేదు.

"మరి గ్రూప్ ఫొటోలో కళ్ళు మూసుకుంటే?" అని ఇందాక ఒక చెల్లెలు అడిగింది. మంచి ప్రశ్న. మూడంగుళాల స్క్రీన్ మీద పద్దెనిమిది మంది కళ్ళు ఒక్కొక్కటిగా జూమ్ చేసి చూసేసరికి సగం మంది భోజనానికి పోతారు. ఆస్ట్రేలియాలో నిక్ స్వెన్సన్, పియర్స్ బార్న్స్ అనే ఇద్దరు దీనికి లెక్క కట్టారు. 2006లో, నవ్వు తెప్పించి ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే ఇగ్ నోబెల్ బహుమతి కూడా ఇచ్చారు వాళ్ళకు. ఇరవై మంది లోపు గుంపు అయితే, వెలుతురు బాగుంటే మనుషుల సంఖ్యను మూడుతో భాగించండి, వెలుతురు తక్కువైతే రెండుతో. పద్దెనిమిది మంది ఉంటే ఆరు ఫొటోలు, మసక వెలుతురులో తొమ్మిది. చూసుకుంటూ కూర్చునే బదులు ఆ ఆరూ తీసేయండి. పది సెకన్ల పని.

ఇప్పుడు మీలో చాలామంది మిర్రర్‌లెస్‌కు, అంటే కన్ను పెట్టే వ్యూఫైండర్‌లోనే చిన్న స్క్రీన్ ఉండే కెమెరాలకు మారారు. "తల వంచే పనే లేదు, కంటి దగ్గరే కనిపిస్తుంది" అంటున్నారు. అది ఇంకా ప్రమాదం. ఇమేజ్ రివ్యూ ఆన్‌లో ఉంటే తీసిన ఫొటో వచ్చి వ్యూఫైండర్‌లోనే నిలబడుతుంది. ఎదురుగా మనిషి కదులుతూ ఉంటాడు, మీరు అతని పాత ముఖం చూస్తుంటారు. కన్ను కెమెరాకే ఉంది కాబట్టి చూస్తున్నామనుకుంటారు కూడా. ఈ రోజు ఇంటికి పోయి మొదట చేయాల్సిన పని, మెనూలో ఇమేజ్ రివ్యూ ఆఫ్ చేయడం. కావాల్సినప్పుడు ప్లే బటన్ ఎట్లాగూ ఉంది.

దేవరగట్టు మీలో ఎంతమంది పోయారు? చేతులెత్తండి... సగం మంది పైనే ఉన్నారు. హొళగుంద మండలం, దసరా రాత్రి, మాళ మల్లేశ్వర స్వామి బన్ని ఉత్సవం. అర్ధరాత్రి కళ్యాణం అయ్యాక నెరణికి, నెరణికి తండా, కొత్తపేట వాళ్ళు విగ్రహాల చుట్టూ నిలబడతారు. దివిటీలు, కర్రలు, కొండ నిండా జనం. ఏటా గాయాలవుతాయి. నేను పేపర్ కోసం మూడుసార్లు పోయాను. మొదటిసారి ప్రతి ఫొటో చూసుకున్నాను. చీకటికి కన్ను పూర్తిగా అలవాటు పడాలంటే 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. తెల్లటి స్క్రీన్ ఒక్కసారి చూస్తే అంతా పోతుంది, తల ఎత్తాక కొంతసేపు దివిటీ తప్ప మనిషి కనిపించడు. అట్లా కనిపించని ఒక క్షణంలో నా చెవి పక్కనుంచి కర్ర పోయింది. ఎవరిదో, ఎటు నుంచి వచ్చిందో తెలియదు. వెనకనున్న ఒక కానిస్టేబుల్ అన్న నా కాలర్ పట్టి లాగాడు. రెండో ఏడాది స్క్రీన్ వెలుగు పూర్తిగా తగ్గించి, ఊరేగింపు మొదలవ్వకముందే ఒక దివిటీ ముఖం మీద పడే వెలుతురుకు కొలత పెట్టుకుని, తెల్లవారేవరకూ ఒక్కసారి కూడా చూడలేదు. అక్కడ నాకు పనికొచ్చిన ఫొటోలన్నీ ఆ ఏడాదివే.

చూడకుండా ఎట్లా ధైర్యం వస్తుంది అంటారేమో. ఫిల్మ్ రోజుల్లో మాకు ఆ ధైర్యం లెక్కల వల్ల వచ్చేది. వంద స్పీడు ఫిల్మ్, నిండు ఎండ అయితే లెన్స్ రంధ్రం ఎఫ్16, షట్టర్ 125. వివిటార్ 283 ఫ్లాష్‌కు గైడ్ నంబర్, అంటే దాని బలం చెప్పే అంకె, అడుగుల్లో 120. పెళ్ళికూతురు 15 అడుగుల్లో ఉంటే 120ని 15తో భాగించు, ఎఫ్8. పది అడుగులకు వచ్చిందా, ఎఫ్11కు కొంచెం పైన. ఇది నోటికి వచ్చిన మనిషి చూసుకోకపోయినా నిద్రపోగలడు. మీరు కూడా రోజూ ఒక పని చేయండి. ఫొటో తీశాక, స్క్రీన్ చూడకముందే అందులో ఏముందో నోటితో చెప్పండి. ఏది తెల్లగా పోయి ఉంటుంది, ఎవరి చెయ్యి ఎక్కడ ఉంది, ఫోకస్ ఎక్కడ పడింది. అప్పుడు చూడండి. మొదటి వారం చాలా తప్పులు వస్తాయి. నెలకు తగ్గుతాయి. చెప్పినవి నిజమవడం మొదలుపెట్టాక చూడాలన్న తహతహ దానంతట అదే పోతుంది.

స్క్రీన్‌కు ఇంకో ఉపయోగం ఉంది, అది నాకు చాలా ఇష్టం. ఎదుటి మనిషికి చూపించడం. పత్తికొండ టమాటా మార్కెట్‌లో ఒక అవ్వ పండ్లు ఏరుతోంది. పచ్చివి ఒక గంపలోకి, పగిలినవి ఇంకో గంపలోకి, చెయ్యి ఆగడం లేదు. మొదటి ఫొటో తీయగానే ఆమెకు చూపించాను, సంతోషపెడదామని. చూసి కొంగు సర్దుకుంది, జుట్టు తడుముకుంది, గంప పక్కన పెట్టి కదలకుండా కూర్చుంది. "ఇప్పుడు తియ్యి నాయనా" అంది. అంతకుముందు ఉన్న మనిషి మాయమైపోయింది. తప్పు నాది, ముందే చూపించాను. తర్వాత నుంచి పనంతా అయ్యాక, కెమెరా మెడ నుంచి తీసి, పక్కన గొంతుక్కూర్చుని చూపిస్తున్నాను. వాళ్ళు ఎంతసేపు చూస్తే అంతసేపు. మన జిల్లాలో తన ఫొటో ఒక్కటి కూడా ఇంట్లో లేని ముసలివాళ్ళు ఇంకా ఉన్నారు. నా స్క్రీన్ వాళ్ళు చూసినంత శ్రద్ధగా నేను ఎప్పుడూ చూడలేదు.

ఇంక మాటలు చాలు. టీ తాగి అందరం కొండారెడ్డి బురుజు దగ్గరికి పోదాం. తలుపు దగ్గర ఇన్సులేషన్ టేపు, నల్ల కాగితం పెట్టి ఉంచాను. ఈ ఒక్క పూటకు స్క్రీన్ మీద కాగితం అంటించుకోండి, మడిచే స్క్రీన్ అయితే లోపలికి తిప్పేయండి. బురుజు దగ్గర నీడలో ఒకటి, ఎండలో ఒకటి తీసి కొలత చూసుకున్నాక అంటించాలి, ముందు కాదు. ఒక్కొక్కరికి 36 ఫొటోలు. లెక్క మీరే పెట్టుకోవాలి. ఒంటిగంటకు ఇక్కడికే తిరిగి వస్తే ప్రొజెక్టర్ మీద అందరివీ చూద్దాం. ఆ టీ ఇచ్చిన అబ్బాయిని కూడా పిలిచాను, వాడి చేతికి నా పాత కెమెరా ఇస్తున్నాను. వాడికి స్క్రీన్ ఎక్కడుందో ఇంకా తెలియదు.